లీటర్లలో కొలిచే కట్టెలు

కట్టెలు లీటర్లలో అమ్మడం ఎక్కడైనా చూశారా? నేను చూశాను. 2022 చలికాలంలో మా అమ్మాయి దగ్గరికి, నార్వేలో ఓస్లో పక్క ఊరికి వెళ్ళాను. అక్కడ పెట్రోలు బంకు ముందు సంచులు దొంతరగా పేర్చి ఉన్నాయి. సంచి మీద 40 లీటర్లని అచ్చువేశారు. పాలో కిరసనాయిలో అనుకున్నాను. తీరా చూస్తే బర్చ్ చెట్టు పేళ్ళు!

నా చిన్నప్పుడు కట్టెల అడితిలో కాటా వేసి మణుగుల లెక్కన ఇచ్చేవారు. అక్కడి పచ్చి తుమ్మ మొద్దు పొయ్యిలో పెడితే కోసిన చివర బుసబుసమంటూ నురగ కక్కేది. అమ్మ తిట్లు ముందు మొద్దుకి, తరవాత అడితివాడికి, చివరికి మోసుకొచ్చిన నాకు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్ళే. అంటే తూకానికి కొన్నవాడు నీళ్ళకు కూడా కట్టెల ధర ఇస్తున్నట్టు. ఎండితే కట్టె బరువు బాగా పడిపోతుంది గానీ, సైజు కొంచెమే తగ్గుతుంది. అందుకని లీటర్ల కొలతలో ఆ నీళ్ళ బేరానికి చోటు తక్కువ. మరీ మురిసిపోకండి, పేళ్ళ సందుల్లో గాలి కూడా ఆ 40 లీటర్లలోదే.

ఆ ఏడాది అక్కడ అందరి కబుర్లూ కట్టెల మీదే. నార్వేలో ఇళ్ళు వెచ్చబెట్టేది ఎక్కువగా కరెంటుతో, ఆ కరెంటులో చాలా భాగం నీటి నుంచే. దక్షిణాన వానలు తగ్గి జలాశయాల్లో నీరు బాగా తగ్గింది. 2021లో జర్మనీకీ, బ్రిటన్‌కీ సముద్రం కింద నుంచి కొత్త కరెంటు తీగలు ప్రారంభించారు. ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్‌లో గ్యాస్ ధర మండింది, ఆ తీగల వెంట ఆ సెగ అక్కడి బిల్లుకీ తగిలింది. 2022 ఆగస్టు చివర్లో దక్షిణాన యూనిట్ 4 క్రోన్‌లు కూడా దాటింది, అంటే 30 రూపాయల పైమాటే. అదే దేశంలో, ఉత్తరాన ట్రోమ్సోలో, యూనిట్ కొద్ది ఓరెలే (క్రోన్‌కి 100 ఓరెలు)! అక్కడ నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఆ కరెంటును దక్షిణానికి తెచ్చే లైన్లే చాలలేదు.

మా అల్లుడుగారు లెక్కల మనిషి. "కట్టెలతో ఎంత మిగులుతుందో తేల్చండి మావయ్యగారూ" అన్నారు. తేల్చాను. బాగా ఎండిన కట్టెలో కూడా అయిదో వంతు నీరుంటుంది. అలాంటి కట్టె కిలో కాలిస్తే 4 యూనిట్ల వేడి. బర్చ్ అయినా, సరుగుడైనా, తుమ్మ అయినా కిలోకి ఇంచుమించు అంతే. గట్టి కట్టె అయితే చిన్న చోటులో ఎక్కువ బరువు ఇముడుతుంది, అంతకుమించి మహిమేమీ లేదు. కొత్తరకం ఇనప పొయ్యి అయితే నాలుగింట్లో మూడు యూనిట్లు గదికి ఇస్తుంది. మా సంచిలో 12 కిలోలున్నాయి, అంటే 36 యూనిట్లు. సంచి ఖరీదు 100 క్రోన్‌లు. యూనిట్ 2 క్రోన్‌ల 80 ఓరెలు పడింది.

4 క్రోన్‌ల కరెంటు ముందు ఇది చవకే. కానీ ఆ సెప్టెంబరు నుంచి, నెల సగటు ధర 70 ఓరెలు దాటితే, దాటినదాంట్లో 90 శాతం ప్రభుత్వం భరించింది. ఆ సాయం కలిపి చూస్తే, కొన్న కట్టె గెలిచేది ధర బాగా ఎగిరిన గంటల్లోనే. సొంత అడవి ఉన్న పక్కింటాయనకి ప్రతి పేడూ లాభమే. సంచులు కొనేవాళ్ళకి మిగిలేది, నా లెక్క ప్రకారం, చలిమంట సరదా.

అల్లుడుగారి ముఖం చిన్నబోయింది. మనవడు మాత్రం పొయ్యి అద్దం ముందు నుంచి కదల్లేదు. "తాతయ్యా, మంట కట్టెకి అంటుకోలేదు, కొంచెం ఎడంగా ఉంది!" అన్నాడు. ఏడేళ్ళవాడికి కనిపించింది నాకు ఏ వయసులో కనిపించిందో చెప్పను. వాడన్నది నిజమే. వేడికి కట్టెలో ముందు నీరు ఆవిరవుతుంది. తరవాత కట్టె విడిపోయి ఆవిర్లూ వాయువులూ బయటికొస్తాయి, మనం చూసే మంట వాటిదే. అవి మండకుండా తప్పించుకుంటే పొగ. కాబట్టి పొగ అంటే కాలకుండా పోయిన కట్టే. మీరే పరీక్షించండి, పెద్దవాళ్ళు దగ్గరుండాలి సుమా! కొవ్వొత్తిని ఉఫ్‌మని ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగ తీగకు అగ్గిపుల్ల చూపించండి. మంట ఆ పొగ వెంట గెంతుకుంటూ దిగి వత్తిని అంటుకుంటుంది.

ఇప్పుడు అమ్మ పచ్చిమొద్దు దగ్గరికి మళ్ళీ వద్దాం. సగం నీరున్న కిలో కట్టెలో వచ్చే వేడే రెండు యూనిట్ల చిల్లర. అందులో నీటిని ఆవిరి చేయడానికి పోయేది యూనిట్‌లో మూడో వంతే, అదేమంత పెద్ద నష్టం కాదు. అసలు చేటు వేరే ఉంది. ఆ ఆవిరి పొయ్యిని చల్లారుస్తుంది, చల్లారితే వాయువులు మండవు, మండనిది పొగగా పోతూ పొగగొట్టం లోపల తారులా పేరుకుంటుంది. ఒకనాటికి ఆ తారే అంటుకుంటే ఇంటి కప్పుకే ముప్పు. కొత్త పొయ్యిల్లో మంట పైన వరసగా చిన్న చిల్లులుంటాయి. వాటి గుండా కాగిన గాలి వచ్చి, తప్పించుకోబోయే పొగను కూడా మండిస్తుంది. మన ఊదుడు గొట్టం పని, మనల్ని కూర్చోబెట్టి, అదే చేస్తుందన్నమాట.

కట్టె ఎండిందో లేదో చూడటానికి పక్కింటాయన రెండు పేళ్ళు ఒకదానితో ఒకటి కొట్టాడు. ఠంగుమంటే ఎండింది, దబ్బుమంటే పచ్చిది. ఎండిన బర్చ్ పేడు ఒక చివర సబ్బునీళ్ళు రాసి రెండో చివర నుంచి గట్టిగా ఊదితే బుడగలు కూడా వస్తాయి. కట్టె అంటే సన్నటి గొట్టాల కట్ట కదా! ఎండేది కూడా ఆ కోసిన చివర్ల నుంచీ, చీల్చిన పక్కల నుంచీ. బెరడు తడిని బయటికి పోనివ్వదు, అందుకే మొద్దుని చీల్చకుండా ఎండబెట్టి లాభం లేదు.

ఈ కట్టెల మీద వాళ్ళకున్న పిచ్చి చెబితే నమ్మరు. 2011లో లార్స్ మిట్టింగ్ అనే ఆయన కట్టెలు కొట్టడం, పేర్చడం, కాల్చడం మీదే పుస్తకం రాశాడు, విపరీతంగా అమ్ముడుపోయింది. 2013 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వ టీవీ కట్టెల మీద 12 గంటల కార్యక్రమం వేసింది, చాలాభాగం మండే పొయ్యే. చూసినవాళ్ళలో కొందరు బెరడు పైకి పేర్చారని, కొందరు కిందికి పేర్చారని ఫిర్యాదు చేశారట!

మనమూ తీసిపోలేదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు వంటింటికి పొగగొట్టం ఉన్న పొయ్యి తయారుచేసి, దాని మీద పుస్తకం కూడా వేశారు. అది మా ఇంటిదాకా వచ్చి ఉంటే అమ్మ కళ్ళు అన్నేళ్ళు ఎర్రబడేవి కావు.

నార్వేలో ఇంకొకటి చూశాను. పొయ్యిలో బూడిదను మూత ఉన్న ఇనప బకెట్టులోకే ఎత్తి, దాన్ని ఇంటికి దూరంగా పెడతారు. నివురుగప్పిన నిప్పు మన నానుడిలోనే కాదు, ఆ బకెట్టులోనూ మర్నాటిదాకా ఉంటుంది. అన్నట్టు, నివురు కింద ఎర్రగా మెరిసే బొగ్గుకు పొగ ఉండదు. చాలామంది దాన్ని మంచిదనుకుంటారు. కానీ గాలి చాలనిచోట ఆ బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. నిద్రపోతున్నవాడికి అసలే తెలియదు. పొగగొట్టం ఉన్న పొయ్యి దాన్ని కప్పు మీదికి పంపేస్తుంది. కుంపటికి ఆ గొట్టం లేదు. అరకులోనో లంబసింగిలోనో చలికి వణికి, గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకునేవాళ్ళు మీకు తెలిస్తే, దయచేసి ఈ రాత్రే చెప్పండి: కుంపటి బయట పెట్టి, ఇంకో దుప్పటి కప్పుకోమనండి.