పేనుబంక చచ్చినా తెగులు ఎందుకు ఆగదు?

"మందు కొట్టాం, పేనుబంక చచ్చింది, అయినా తెగులు పాకుతూనే ఉంది" అని తెనాలి, రేపల్లె వైపు వరి మాగాణి మినుము వేసే రైతులు తరచూ అడుగుతుంటారు. కారణం పేనుబంక తినే తీరులో ఉంది.

రెక్కల పేనుబంక కొత్త మొక్క మీద వాలగానే, సూదిలాంటి నోటితో ఆకును గుచ్చి రుచి చూస్తుంది. అది తెగులు మొక్క అయితే కొన్ని సెకన్లలోనే వైరస్ నోటి కొనకు అంటుకుంటుంది. పక్క మొక్కను గుచ్చగానే దానికి చేరుతుంది. అలసంద మొజాయిక్, మిరపలో కుకుంబర్ మొజాయిక్ ఇలాగే వ్యాపిస్తాయి. మందు పనిచేసేలోపే పురుగు తెగులు అంటించేస్తుంది. తెగులు సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు.

మినుములో ముందు తెగులును గుర్తించండి:

- ఆకులపై పసుపు మచ్చలు: పల్లాకు తెగులు. తెల్లదోమ ద్వారా వస్తుంది.
- మొవ్వ ఎండిపోవడం: మొవ్వుకుళ్ళు తెగులు. తామర పురుగుల ద్వారా వస్తుంది.
- ఆకులు దళసరిగా ముడతలు పడి, పూత గుబురుగా ఉండి కాయ పట్టకపోవడం: సీతాఫలం తెగులు. విత్తనం ద్వారా వస్తుంది. పేనుబంక వంటి రసం పీల్చే పురుగులు దాన్ని పొలమంతా పాకిస్తాయి.

ఏం చేయాలి?

1. తెగులు వచ్చిన చేను నుంచి విత్తనం దాచుకోవద్దు.
2. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. 5 మి.లీ. పట్టించి విత్తండి. తొలి రోజుల్లో రసం పీల్చే పురుగుల నుంచి కాపాడుతుంది.
3. పొలం చుట్టూ 3, 4 వరుసల జొన్న వేయండి. పేనుబంక ముందు జొన్నను గుచ్చుతుంది. నోటికి అంటిన వైరస్ అక్కడే పోతుంది.
4. తెగులు మొక్క ఒక్కటి కనబడినా వెంటనే పీకి పూడ్చండి. గట్ల మీద కలుపు తీయండి.
5. పల్లాకు ఉన్న ప్రాంతాల్లో లాం పరిశోధనా స్థానం రకం ఎల్.బి.జి. 787 వంటి తట్టుకునే రకాలు వేయండి.
6. అక్షింతల పురుగులు బాగా కనబడుతుంటే మందు జోలికి పోవద్దు. అవి పేనుబంకను తినేస్తాయి. అవసరమైతేనే, రైతు సేవా కేంద్రంలో అడిగి, సిఫారసు చేసిన మందునే కొట్టండి.

మొదటి నెలలో రెండు రోజులకోసారి చేలోకి దిగి చూడండి. అప్పుడు పీకే పది మొక్కలు, తర్వాత కొట్టే పది మందుల కన్నా మేలు.