కమాను క్రింది దిమ్మ

వేసవి వచ్చినచో కొల్లాపూర్ పరిసరములలోని మామిడితోటలకు పికప్ బండ్లు బయలుదేరును. నల్లమల అంచున, కృష్ణానదికి చేరువనున్న ఈ ప్రాంతమున తోటలలోనికి పోవు బాటలు అన్నియు తారురోడ్లు కావు. బండి అడుగుభాగము రాళ్లకు తగులకుండుటకై కొందరు యజమానులు ముందుభాగమును రెండంగుళములు, అనగా సుమారు 5 సెంటీమీటర్లు, ఎత్తింతురు. అంతట బండి తోక వ్రాలినట్లు కనబడును. వెనుక ఇరుసునకును కమానునకును నడుమ ఒక ఇనుపదిమ్మను పెట్టించవలెనను ఆలోచన అప్పుడు కలుగును. దుకాణములలో దీనిని లిఫ్ట్ బ్లాకు అందురు.

ఎంత యెత్తు దిమ్మ కావలెను? ఖాళీ బండిని ప్రక్కనుండి చూచి చెప్పిన సమాధానము సరియైనది కాకపోవచ్చును. హైస్కూలు తరగతులలో నేర్చుకొను హుక్ సూత్రము, బలభ్రామకము, సరూప త్రిభుజములు — ఈ మూడును తెలిసినవారు దీనిని లెక్కగట్టి చెప్పగలరు.

కమాను వంపు

ఎద్దుబండిలో ఇరుసునకును బండిపెట్టెకును నడుమ కమాను లేదు. అందుచే ప్రతి కుదుపును బండిలోనివారి నడుము భరింపవలెను. పికప్ బండి వెనుక ఇరుసుపై, పొడవులు వేఱువేఱుగా నున్న ఉక్కుపట్టీలను పేర్చి బిగించిన కమానుకట్టలు రెండుండును. బరువు పడినపుడు అవి వంగును. బరువు తీసినపుడు తిరిగి లేచును. హద్దు మీరనంతవరకు ఈ వంపు బరువునకు అనులోమానుపాతములో నుండును. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రమిదియే.

లెక్కకొఱకు ఒక బండిని ఊహింతము. వెనుక కమానులు రెండును కలిసి 100 కిలోల బరువునకు 1 సెంటీమీటరు వంగుననుకొందము. బండిని ఎత్తింపకముందు చదునైన నేలపై నిలిపి, చక్రపు నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువరకు కొలిచినపుడు ముందు 46 సెంటీమీటర్లు, వెనుక 51 సెంటీమీటర్లు ఉన్నవి. ఈ 5 సెంటీమీటర్ల తేడా పొరపాటున వచ్చినది కాదు. వెనుక ఇరుసుపై 700 కిలోల కాయలు పడినచో వెనుకభాగము 7 సెంటీమీటర్లు దిగి 44 వద్ద నిలుచును. అప్పుడు బండి ఇంచుమించు సమముగా నుండును. ముందుబరువు, వెనుకబరువు చూచుకొని బండి కట్టు రైతునకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు.

ముందుభాగమును 5 సెంటీమీటర్లు ఎత్తిన పిమ్మట ముందు 51, వెనుక 51 అగును. ఖాళీగా నున్నపుడు బండి చూచుటకు ముచ్చటగా, సమముగా నుండును. కాని అదే 700 కిలోలు వేసినచో వెనుక 44కు దిగి, ముందుకంటె 7 సెంటీమీటర్లు తక్కువ యగును. మొదటనున్న తేడాను నిలుపవలెనన్నచో వెనుక దిమ్మ 5 సెంటీమీటర్లు ఉండవలెను. ఎల్లప్పుడు తేలిక బరువులే మోయు బండికి అంతకంటె తక్కువ ఎత్తు చాలవచ్చును. కాబట్టి కొలత ఖాళీ బండితో మాత్రమే కాక, నిత్యము మోయు బరువుతో గూడ తీయవలెను.

దీపపుకాంతి విషయమును ఇచ్చటనే చూడవచ్చును. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 300 సెంటీమీటర్లనుకొనిన, ముందు 5 సెంటీమీటర్లు లేచుట వలన వాలు అరువదింట ఒక వంతు మారును. సరూప త్రిభుజముల ప్రకారము 30 మీటర్ల దూరమున కాంతి 50 సెంటీమీటర్లు పైకి పోవును. రాత్రివేళ ఎదురువచ్చువాని కన్నులు చెదరుటకు ఇది చాలును. తగిన దిమ్మ ఈ వాలును సరిచేయును. ఐనను దీపములను మరల అమర్పించుట మంచిది.

ఎత్తు వేఱు, బలము వేఱు

దిమ్మ పెట్టినందున బండి ఎక్కువ బరువు మోయునని తలచుట పెద్ద పొరపాటు. పై బండిలో 5 సెంటీమీటర్ల దిమ్మ పెట్టిన పిదప వెనుక ఎత్తు 56 అగును. 700 కిలోలు వేసినచో 49కి దిగును. అనగా వంపు మునుపటివలెనే 7 సెంటీమీటర్లు. పట్టీలు మారలేదు, వాని బలమును మారలేదు. కమాను అలసి వ్రాలిన బండికి పెద్ద దిమ్మ పెట్టుట, కుంటివానికి ఎత్తుమడమల చెప్పులు తొడుగుట వంటిది. అట్టి బండికి పట్టీలనే మార్పింపవలెను.

పైగా దిమ్మ హద్దు మీరిన వంపునకు దారితీయవచ్చును. పెద్ద గుంటలో పడినపుడు ఇరుసు చాసిస్‌కు బిగించిన రబ్బరుముక్కకు తగిలి ఆగును. దిమ్మ ఆ దూరమును పెంచును. రబ్బరును ఆ మేరకు క్రిందికి దింపనిచో పట్టీలు మితిమీరి వంగి విరుగవచ్చును.

ఇక బలభ్రామకము. బ్రేకు వేసినపుడు నేల టైరును వెనుకకు లాగును. ఈ బలము కమాను ఉన్న ఎత్తు అను చేయితో ఇరుసును మెలిపెట్టును. ఆ ఎత్తు 40 సెంటీమీటర్లు, ఒక చక్రముపై బలము 4000 న్యూటన్లు అనుకొనిన, భ్రామకము 1600 న్యూటన్-మీటర్లు. 5 సెంటీమీటర్ల దిమ్మతో 1800, 10 సెంటీమీటర్ల దిమ్మతో 2000 అగును. అనగా పట్టీలపై మెలి నాలుగవ వంతు పెరిగినది. దిమ్మ అవసరమునకు మించి ఒక వ్రేలెత్తైనను ఉండరాదనుటకు కారణమిదియే.

కొన్ని బండ్లలో వెనుక బ్రేకు పీడనమును బరువునుబట్టి మార్చు వాల్వు కలదు. చాసిస్‌కును ఇరుసునకును గల దూరము తగ్గినచో బండిలో బరువున్నదని అది గుర్తించును. దిమ్మ పెట్టగా ఆ దూరము పెరుగును. నిండు బండియైనను ఖాళీదని తలచి వాల్వు వెనుక బ్రేకునకు తక్కువ పీడనమునే పంపును. కాయలతోపాటు కూలీలు ప్రయాణించు బండి ఆగవలసిన చోట ఆగకపోయినచో ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. దిమ్మ పెట్టిననాడే ఈ వాల్వు కడ్డీని సరిచేయించవలెను.

అమరికలో జాగ్రత్తలు

కమాను ఇరుసునకు పైన నున్న బండ్లలోనే దిమ్మ ఎత్తునిచ్చును. క్రింద నున్నచో ఎత్తు తగ్గును. దిమ్మ ఒకే లోహపుముక్కగా నుండవలెను. ఒకదానిపై నొకటి పేర్చుట, కొయ్యముక్క పెట్టుట ప్రమాదకరము. దాని మేకు ఇరుసు రంధ్రములోను, కమాను సెంటర్ బోల్టు తల దిమ్మ రంధ్రములోను సరిగా కూర్చుండవలెను. తగిన పొడవుగల క్రొత్త యు-బోల్టులు వేసి, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగింపవలెను. బ్రేకు గొట్టము, షాక్ అబ్సార్బరు పొడవు చాలునా, ప్రొపెల్లర్ షాఫ్టు కోణము మారెనా అని చూడవలెను. ముందు ఇరుసునకు ఇట్టి దిమ్మలు ఎన్నడును వాడరాదు.

రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. కనుక పనికి ముందే రవాణా కార్యాలయమున విచారించుకొనుట అవసరము.

తరగతిలో ప్రయోగము

రెండు ఇటుకలపై ఒక హాక్సా బ్లేడును పరుపుగా ఉంచి, నడుమ 50, 100, 150 గ్రాముల బరువులను వరుసగా వ్రేలాడదీసి వంపును స్కేలుతో కొలువుడు. ఇటుకలపై సమానమైన చెక్కలు పెట్టి మరల కొలువుడు. బ్లేడు ఎత్తు పెరుగును గాని వంపు మారదు. తరువాత చెక్కలను తీసి, ఒక బ్లేడుపై మరియొకటి ఉంచి చూడుడు. వంపు సుమారు సగమగును. ఎత్తునిచ్చునది ఏదో, బలమునిచ్చునది ఏదో విద్యార్థులు తామే చెప్పగలరు. తోటలోని బండిని చూచినపుడు ఇంటివారికిని చెప్పగలరు.