గ్రీన్ టీలో రకాలు: ఒకే ఆకుకి ఇన్ని రుచులు ఎలా వస్తాయి?

గ్రీన్ టీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది చేదు. "ఆరోగ్యం కోసం ఎలాగో మింగుతున్నాం" అంటుంటారు. నిజానికి గ్రీన్ టీలో పదుల రకాలున్నాయి. చెట్టుకి ఎంత ఎండ తగిలింది, ఏం ఎరువు వేశారు, ఆకుని ఎలా వేడి చేశారు అనే దాన్ని బట్టి రుచి మారిపోతుంది. అంటే ఇది రైతుకి బాగా అర్థమయ్యే విషయమే.

ముందుగా ఒక మాట. బ్లాక్ టీ, గ్రీన్ టీ రెండూ ఒకే మొక్క ఆకులు. నలిపిన ఆకుని గాలికి వదిలేస్తే, కోసిన వంకాయ ముక్కలాగా రంగు మారి బ్లాక్ టీ అవుతుంది. ఆ మార్పు మొదలవకముందే వేడి తగిలిస్తే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. అదే గ్రీన్ టీ. నిమ్మగడ్డి, తులసి, మందార టీలు మంచివే, కానీ అవి గ్రీన్ టీ కావు. వాటిలో కెఫీన్ ఉండదు.

ఆవిరి పట్టే జపాన్ రకాలు

జపాన్‌లో ఆకుకి కాసేపు ఆవిరి పడతారు. అందుకే పచ్చిగడ్డి వాసన, నాచు లాంటి రుచి నిలుస్తాయి.

సెంచా: ఎండలో పెరిగిన ఆకు. కొంచెం తీపి, కొంచెం వగరు.

గ్యోకురో: కోతకు ముందు సుమారు 20 రోజులు తోటకి నీడ కప్పుతారు. చేదు తగ్గి, పుట్టగొడుగుల కూరలో ఉండే లాంటి నిండు కమ్మదనం వస్తుంది.

మాచా: ఇలాగే నీడలో పెంచిన ఆకుని ఎండబెట్టి, ఈనెలు తీసి, తిరగలిలో మెత్తగా విసురుతారు. ఆకు మొత్తం మన కడుపులోకే పోతుంది.

బాంచా, హోజిచా, గెన్‌మైచా: ముదురు ఆకుతో చేసేది బాంచా. వేయించి చేసేది హోజిచా. వేయించిన బియ్యం కలిపితే గెన్‌మైచా, దీంట్లో మరమరాల వాసన వస్తుంది.

బాణలిలో వేయించే చైనా రకాలు

హాంగ్‌జౌ ప్రాంతపు లాంగ్‌జింగ్‌ని వేడి బాణలిలో చేత్తో అదుముతూ వేయిస్తారు. ఆకు చదునుగా అయ్యి వేయించిన గింజల రుచి వస్తుంది. గన్‌పౌడర్ రకాన్ని ఉండలుగా చుడతారు, రుచి ఘాటు. మొరాకోలో పుదీనా టీకి వాడేది ఇదే. తైహు సరస్సు దగ్గర పండే బిలోచున్ మన వాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తేయాకు మొక్కల్ని పండ్ల చెట్ల మధ్య పెంచుతారు. రుచి సున్నితంగా, పూల వాసనతో ఉంటుంది.

మన దేశంలో హిమాచల్‌లోని కాంగ్రా గ్రీన్ టీకి పేరుంది. 1905 భూకంపం ఆ తోటల్ని బాగా దెబ్బతీసింది. 2005లో కాంగ్రా టీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కమ్మదనం వెనక నత్రజని

ఇక్కడ మనం ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ కమ్మదనం ఇచ్చేది థియానిన్. నత్రజని అందితే వేర్లలో తయారై ఆకుకి చేరుతుంది. ఎండ తగిలితే చేదు, వగరు ఇచ్చే కాటెచిన్లుగా మారుతుంది. అందుకే నీడ కప్పడం, అందుకే ఎక్కువ ఎరువు వేయడం. జపాన్‌లో ఇలా అతిగా వేసిన నత్రజని నైట్రేట్ రూపంలో భూగర్భ జలాల్లోకి దిగింది, నేల ఆమ్లత పెరిగింది. తర్వాత మోతాదు తగ్గించుకోవాల్సి వచ్చింది.

పైగా తేయాకుని మామూలుగా కడగరు. కోసిన ఆకు నేరుగా వేడికి, అక్కడి నుంచి మన కప్పులోకి. మందు కొడితే ఆ అవశేషం కూడా రావొచ్చు. కాబట్టి మాచా కొనేటప్పుడైతే సేంద్రియ ధ్రువీకరణ చూసుకోండి. నత్రజని కమ్మదనం మీద పెద్దగా ఆధారపడని బాంచా, హోజిచా, గెన్‌మైచా రకాలు ప్రకృతి పద్ధతికి బాగా సరిపోతాయి. ధర కూడా తక్కువే.

కాచే పద్ధతి

చేదుకి ముఖ్య కారణం మరిగే నీళ్ళు. 150 మి.లీ. నీటికి 2 గ్రాముల ఆకు చాలు. గ్యోకురోకి 50-60 డిగ్రీలు, సెంచా, లాంగ్‌జింగ్‌లకి 70-80 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే, మరిగిన నీళ్ళని రెండు మూడు గ్లాసుల్లోకి మార్చి చల్లార్చి పోయండి. ఒకటి రెండు నిమిషాలకి వడగట్టేయాలి. అదే ఆకు రెండోసారికీ పనికొస్తుంది. హోజిచా, గెన్‌మైచాలకి బాగా వేడి నీళ్ళే పోయొచ్చు.

రక్తహీనత ఉన్నవాళ్ళు భోజనంతో పాటు తాగొద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. గంట ఆగి తాగండి.

ఇంట్లో ఉన్న గ్రీన్ టీనే ఈసారి చల్లార్చిన నీళ్ళతో కాచి చూడండి. తేడా ఎలా ఉందో మాకు రాయండి.