భరణము అందని మాసములలో బిడ్డల పోషణ

బస్తరు ప్రాంతపు దక్షిణ భాగమున, సుక్మా నుండి కోంటాకు పోవు జాతీయ రహదారి మీద దోర్నపాల్ పట్టణము గలదు. దీనికి తూర్పున శబరి నది దాటినచో ఒడిశా రాష్ట్రము. రహదారి వెంట దక్షిణమునకు సాగినచో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దులు. ఇచ్చటి సంతలో దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు భాషలు కలసి వినబడును. ఈ ప్రాంతపు కూలికుటుంబముల సంపాదన ఏడాది పొడవునను ఒకే రీతిగా నుండదు. వేసవి తొలినాళ్ళలో ఇప్పపువ్వు, ఆ పిదప తునికాకు, వానకాలమున వరిసేద్యము, చలికాలము వెళ్ళునప్పుడు పొరుగు రాష్ట్రములలో మిరపకోత. నడుమ చేతిలో కాసు లేని వారములు పెక్కు గలవు. న్యాయస్థానపు ఉత్తరువు మాత్రము నెలనెలకును ఒకే మొత్తమును విధించును.

ఒక కుటుంబమును ఉదాహరణముగా గైకొనవచ్చును. దంపతులు విడిపోయిరి. ఆరేండ్ల బాలుడును, రెండేండ్ల బాలికయు తల్లికడ నున్నారు. బిడ్డల పోషణకై తండ్రి మాసమునకు 2,000 రూపాయలు ఈయవలెనని ఉత్తరువైనది. నాలుగు మాసములు అతడు తప్పక చెల్లించెను. పిదప మిరపకోతకు పోయి, మలేరియాతో మంచము పట్టెను, కూలి నిలిచిపోయెను. ఐదవ మాసము నుండి సొమ్ము రాలేదు. తల్లి వారంటు కోరినచో అతడు చెరసాలకు పోవచ్చును. చెరసాలలో నున్నవాడు కూలి చేసి సొమ్ము పంపజాలడు. ఆమె మిన్నకున్నచో బకాయి పెరుగుచుండును. ఈలోపల పొయ్యి మీద కుండ ఎక్కవలెను గదా! ఇట్టి సమయమున ఏ పని ముందు, ఏ పని వెనుక అను వివేకము మిక్కిలి ముఖ్యము.

బిడ్డ అన్నము ఆగరాదు

అన్నిటికంటె ముందు చూడవలసినది బిడ్డ ఆహారమును, ఆరోగ్యమును. తండ్రి సొమ్ము వచ్చినను రాకున్నను బిడ్డకు స్వయముగా చెందు సహాయములు కొన్ని గలవు. ఆరు మాసముల నుండి ఆరేండ్ల వరకు గల పిల్లలకు అంగన్‌వాడీలో పోషకాహారము ఉచితముగా లభించును. మూడేండ్ల లోపు పిల్లల వంతును ఇంటికి తెచ్చుకొనవచ్చును. బడికి పోవు పిల్లలకు ఎనిమిదవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో మధ్యాహ్న భోజనము గలదు. కావున కష్టకాలమున పిల్లవానిని బడి మాన్పించి పనికి పంపుట అన్నివిధముల నష్టమే. చదువుతోపాటు ఒక పూట భోజనము కూడ పోవును.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము రేషను కార్డునకు ఇంటిలోని పెద్ద స్త్రీయే యజమానురాలు. విడిగా కాపురముండు తల్లి తన పేర వేరు కార్డునకు దరఖాస్తు పెట్టుకొని, బిడ్డల పేర్లను అందు చేర్పించుకొనవలెను. తునికాకు సేకరణ కార్డును, బ్యాంకు ఖాతాను గూడ తన పేరనే యుంచుకొనుట మేలు. ఛత్తీస్‌గఢ్‌లో 2024లో తునికాకు ధర ప్రామాణిక సంచికి, అనగా 1,000 కట్టలకు, 5,500 రూపాయలుగా నిర్ణయింపబడినది. నూరు కట్టలు కట్టిన తల్లికి 550 రూపాయలు రావలసి యుండును. ఆ సొమ్ము మరియొకరి ఖాతాకు పోరాదు.

2024 మార్చిలో ప్రారంభమైన మహతారీ వందన పథకము క్రింద వివాహితలకే గాక విడాకులు పొందినవారికిని, భర్త విడిచిన స్త్రీలకును మాసమునకు 1,000 రూపాయలు ఈయబడుచున్నవి. నమోదు వివరములను అంగన్‌వాడీలో విచారింపవచ్చును. మిషన్ వాత్సల్య అను కేంద్ర పథకమున, విడాకులు పొందిన లేక విడువబడిన తల్లి బిడ్డలకు, కుటుంబాదాయము పల్లెలలో ఏటికి 72,000 రూపాయలకును, ఇతర స్థలములలో 96,000 రూపాయలకును మించనిచో, బిడ్డకు మాసమునకు 4,000 రూపాయల సహాయము మంజూరు కావచ్చును. ఇందులకై జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు దరఖాస్తు చేయవలెను.

సొమ్ము లేని మాసములలో జ్వరమును ఉపేక్షించుట ప్రమాదకరము. బిడ్డకు జ్వరము వచ్చిన నాడే గ్రామపు మితానిన్ వద్దకు పోయి మలేరియా రక్తపరీక్ష చేయింపవలెను. పరీక్షయు, మందులును ఉచితమే. ఆరు మాసములు దాటి ఐదేండ్లు నిండని బిడ్డకు దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అది తీవ్రమైన పోషణలోపము. వెంటనే ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను.

లేమి వేరు, ఎగవేత వేరు

సొమ్ము రానంత మాత్రమున తండ్రి దుష్టుడని గాని, రోగము సాకు చెప్పినంత మాత్రమున నిర్దోషి యని గాని తలపరాదు. మంచము పట్టినవాడు వేరు. కూలి గడించి దానిని ఇతర వ్యయములకు పోసి, లేదనువాడు వేరు. శరీర దార్ఢ్యము గల భర్త కాయకష్టము చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలెనని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. ఉభయపక్షములును తమ ఆదాయమును, ఆస్తిని, అప్పులను ప్రమాణపత్రమున తెలుపవలెనని అదే న్యాయస్థానము 2020లో నిర్దేశించినది. కావున నిజమును తేల్చు భారము తల్లి మీదనే లేదు. దానికి పద్ధతి గలదు.

న్యాయస్థానమున చేయదగినది

2024 జూలై 1 నుండి భరణ విషయములు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ విభాగము క్రింద విచారింపబడుచున్నవి. ఈ విభాగము అన్ని మతములవారికిని, గిరిజనులకును వర్తించును. పెండ్లి కులాచారము ననుసరించి జరిగినను, పెండ్లియే జరుగకున్నను బిడ్డ హక్కు చెడదు. తల్లి మరల వివాహమాడినను బిడ్డకు తండ్రి భరణము ఈయవలసినదే. తండ్రి పొరుగు రాష్ట్రమున నున్నను తల్లి తాను నివసించు చోటనే దరఖాస్తు పెట్టవచ్చును. ఉత్తరువును అతడున్న చోట అమలు జరిపించుకొనవచ్చును.

ఒక గడువును మాత్రము మరువరాదు. బకాయి చెల్లింపవలసిన తేదీ నుండి 1 సంవత్సరము లోపల దరఖాస్తు పెట్టిననే గాని దానికై వారంటు జారీ కాదు. జాలి చేత ఊరకుండిన తల్లి, గడువు దాటిన పిదప చింతించి లాభము లేదు. చెరసాల శిక్ష ఒక మాసము వరకు ఉండవచ్చును. అయినను శిక్ష అనుభవించినంత మాత్రమున బాకీ తీరినట్లు కాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్మానించినది. తగిన కారణము లేక చెల్లింపనివానికే ఈ శిక్ష. నిజముగా రోగియైన తండ్రి విషయమున తల్లి గడువులోపల దరఖాస్తు పెట్టి, వాయిదాల మీద బకాయి ఇప్పింపుమని కోరవచ్చును. తునికాకు సొమ్ము చేతికి వచ్చు మాసమున కొంత, మిరపకోత ముగిసిన మాసమున కొంత అని ఏర్పాటు చేసికొనినచో ఇరువురికిని క్షేమము. అయితే ఇట్టి ఒప్పందమును నోటిమాటగా విడువక న్యాయస్థానమున వ్రాయింపవలెను.

స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని పొందు హక్కు 1987 నాటి చట్టము వలన గలదు. ఫోను సంఖ్య 15100.

తండ్రి కర్తవ్యము

చెల్లింపజాలని తండ్రి దాగియుండుట తనకే కీడు. తానుగా న్యాయస్థానమునకు పోయి, వైద్యుని పత్రము చూపి, 146వ విభాగము క్రింద భరణపు మొత్తమును మార్చుమని కోరవలెను. మార్పు జరుగువరకు పాత మొత్తమే బాకీగా పెరుగుచుండును. 2,000 రూపాయలు లేనివాడు 300 రూపాయలైన పంపి రసీదు ఉంచుకొనినచో అతని సద్భావము రుజువగును. బిడ్డకు కొన్ని దినముల కూర దొరకును.

స్వీడన్‌లో 1937 నుండియు, జర్మనీలో 1980 నుండియు తండ్రి చెల్లింపని భరణమును ప్రభుత్వమే ముందుగా ఇచ్చి, పిదప అతని వద్ద రాబట్టు పద్ధతి గలదు. మన భరణ చట్టమున అట్టి ముందు చెల్లింపు లేదు. అందుచేతనే పైన చెప్పిన సహాయములను విడువక పొందుట మరింత అవసరము.

బిడ్డ మనస్సు

బాకీ పెద్దలది, బిడ్డది కాదు. “మీ నాయన సొమ్ము పంపలేదు, నీకు అన్నమెక్కడిది?” అను మాట ఆకలికంటె లోతుగా నాటుకొనును. సొమ్ము తేవలసినదని బిడ్డను తండ్రికడకు పంపుటయు, సొమ్ము రాలేదని తండ్రిని చూడనీయకుండుటయు తగవు. భరణము ఒక హక్కు, చూపు మరియొక హక్కు. ఒకదానికి మరియొకటి వెల కారాదు. తల్లికి నిద్ర పట్టక, ఆకలి మందగించి, బ్రతుకు మీద విరక్తి తోచినచో అది సిగ్గుపడవలసిన విషయము కాదు. టెలి మానస్ సంఖ్య 14416కు రేయింబవళ్ళు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.

దోర్నపాల్ తల్లికి నేడు చేయదగిన పనులు మూడు: బిడ్డ పేరు అంగన్‌వాడీలోను, రేషను కార్డులోను ఉన్నదా యని చూచుకొనుట, బకాయి తేదీలను ఒక కాగితము మీద వ్రాసియుంచుట, సంవత్సరము నిండక మునుపే న్యాయవాదిని కలిసికొనుట. తండ్రి కోలుకొని కూలికి పోవునాటికి బిడ్డలు ఆరోగ్యముతో ఎదుగుచుండవలెను. భరణపు అసలు ప్రయోజనము అదియే.