సీతమ్మ కథ చెప్పిన సంగతి

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. 1991లో ఆ జిల్లాలో అక్షరదీపం మొదలైంది. పగలు కూలికి పోయే ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చేవారు.

వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ అది. వాళ్ళు చదివి ఊరుకోలేదు. కూర్చుని మాట్లాడుకున్నారు. సీతమ్మ కష్టంలో తమ కష్టం కనబడింది. తలరాత అనుకున్నది తలరాత కాదని తేలింది. అందరూ కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు.

1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

చదవడం సగం పనే. చదివినదాని గురించి నలుగురూ మాట్లాడుకోవడం మిగతా సగం.

ఆలోచించండి: మీరు ఈమధ్య చదివిన కథలో మీ ఇంటి సంగతి ఏముంది? పక్కింటి వదినతో మాట్లాడండి.