ఒకే రాయి, ఎన్నో ముఖాలు

వెంట్రుక మందం కూడా లేని పొరపాటు కొండల వయసును కోట్ల ఏళ్ల మేర మార్చేయగలదు

కోల్‌కతాలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. 1690లో హుగ్లీ ఒడ్డున ఈస్టిండియా కంపెనీ స్థావరం నెలకొల్పిన ఈ వర్తకుడి పేరు భూగర్భశాస్త్రంలోనూ నిలిచిపోయింది. కారణం ఆ సమాధి పలకే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో ఆ రాతికి 'చార్నోకైట్' అని పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో ఈ రాయి విస్తారం.

హాలండ్ కాలంలో రాతిని చదవడానికి కాంతి మైక్రోస్కోపే ఆధారం. కోల్‌కతా కేంద్రంగా ఉన్న జీఎస్ఐ ప్రయోగశాలలో ఇప్పుడు ఎలక్ట్రాన్ ప్రోబ్ కూడా ఉంది. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, అదే ముక్కను రెండింటి కిందా పెడతారు. చిక్కల్లా ఇక్కడే. ధ్రువణ కాంతిలో పక్కపక్కనున్న రెండు క్వార్ట్జ్ రేణువులు వేర్వేరు ఛాయల్లో కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ చిత్రంలో అవే ఒకే బూడిద రంగు మచ్చగా కలిసిపోతాయి. పైగా స్లైడు కాస్త ఒరిగి ఉండొచ్చు. గంటల తరబడి సాగే స్కానింగ్‌లో చిత్రం మెల్లగా పక్కకు జరగొచ్చు.

అందుకే రెండు చిత్రాల్లోనూ స్పష్టంగా కనిపించే పగుళ్లను, రేణువుల మూలలను గుర్తులుగా పెట్టుకుంటారు. కనీసం మూడు గుర్తులు కుదిరితే కంప్యూటర్ ఒక చిత్రాన్ని తిప్పి, సాగదీసి, రెండోదానిపై పరుస్తుంది. సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను జతచేసే వైద్యుల పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

ఇంత శ్రమ ఎందుకు? భీమిలి ఇసుకలోనూ దొరికే మోనజైట్ ఖనిజంలో యురేనియం, థోరియం క్రమంగా సీసంగా మారతాయి. ఆ లెక్కే దాని వయసు. తూర్పు కనుమల రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఒకసారి, 50 కోట్ల ఏళ్ల కిందట కొన్నిచోట్ల మరోసారి వేడెక్కాయి. గార్నెట్ లోపల చిక్కుకున్న మోనజైట్ పాత కథను దాచుకోవచ్చు. బయటి అంచున ఉన్నది కొత్త కథ చెప్పొచ్చు. చిత్రం కొన్ని మైక్రాన్లు జరిగితే లోపలిది బయటిదిగా లెక్కకెక్కుతుంది.

ఈ కొండలు ఒకప్పుడు అంటార్కిటికాతో కలిసి ఉండేవన్న వాదనకు ఇలాంటి వయసులే కీలక సాక్ష్యం. సాక్ష్యం నిలవాలంటే ముందు చిత్రాలు సరిగ్గా కలవాలి.