గడియారం గంట ముందుకి... మరి పెరట్లో మొక్కలకి?

మార్చి 8, ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కొట్టగానే అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో గడియారం ఒక్కసారిగా 3 చూపిస్తుంది. ఏటా మార్చి రెండో ఆదివారం వచ్చే ఈ మార్పునే అక్కడ డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. నవంబరు మొదటి ఆదివారం దాకా అదే నడుస్తుంది. షికాగో, డాలస్, న్యూజెర్సీల్లో ఉంటున్న మన కుటుంబాలకి ముందుగా గుర్తొచ్చేది సహరీ, ఇఫ్తార్ వేళలే. 2026లో ఈ మార్పు రంజాన్ మూడో వారంలో పడింది మరి. కానీ పెరట్లో పుదీనా, మెంతి, గోంగూర, పచ్చిమిర్చి వేసుకునే ఇళ్లలో ఇంకో లెక్క కూడా మొదలయ్యేది ఈ రోజుల్లోనే. నారు ఎప్పుడు పోయాలి, మొక్క ఎప్పుడు బయట పెట్టాలి, నీళ్లు ఏ వేళకి పోయాలి అనే లెక్క.

ఈ రెండు లెక్కలకీ మూలం ఒక్కటే, సూర్యుడు. నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టి ఉంటాయి, మొక్క పెరుగుదలా అంతే. గడియారం మార్చింది మనుషులు, వాళ్ల ఆఫీసుల కోసం, బళ్ల కోసం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తోట పనిలో సగం గందరగోళం పోతుంది.

షికాగో సంగతే చూద్దాం. మార్చి 7న అక్కడ సూర్యోదయం ఉదయం దాదాపు 6:15కి, మగ్రిబ్ సాయంత్రం 5:50 ప్రాంతంలో. మర్నాడు గడియారంలో సూర్యోదయం 7:15కి వెళ్తుంది, మగ్రిబ్ 6:50కి వస్తుంది. "రోజా గంట పెరిగింది" అని పిల్లలు గోల పెడతారు గానీ, పెరిగిందేమీ లేదు. సహరీ ముగిసే వేళ కూడా అదే గంట ముందుకి జరుగుతుంది. నిజంగా పెరిగేది పగలు, అది కూడా రోజుకి మూడు నిమిషాల లోపే. మార్చి నెలంతా గడియారంతో పనిలేకుండా అలా పెరుగుతూనే ఉంటుంది.

తోట చూసుకునేవాళ్లకి మొదట పోయేది పొద్దుటి వెలుగు. ఫజ్ర్ అయ్యాక కాస్త తెల్లవారగానే మొక్కల దగ్గరికి వెళ్లి, నీళ్లు పోసి, ఆకుల కింద పురుగు చూసుకుని ఆఫీసుకి బయల్దేరే అలవాటు చాలామందికి ఉంటుంది. మార్పు తర్వాత ఆ వేళకి బయట చీకటే. షికాగోలో సూర్యోదయం మళ్లీ 6:15కి రావాలంటే ఏప్రిల్ రెండో వారం దాటాలి. అంటే ఐదు వారాలు. ఈ ఐదు వారాలు పొద్దుటి పనిని సాయంత్రానికి మార్చుకోవడం మేలు. నిద్ర చాలక, చీకట్లో ఫోను లైటు పట్టుకుని నారుకి నీళ్లు పోస్తే ఎక్కువ పోస్తాం. చిన్న నారు ఎండకంటే ముందు చచ్చేది ఎక్కువ తడికే, మొదలు కుళ్లి.

సాయంత్రం మాత్రం లాభమే. షికాగోలో మార్చి మొదటి వారంలో హనఫీ లెక్కన అస్ర్ సాయంత్రం 4 దాటగానే వస్తుంది, మగ్రిబ్ 6 లోపే. ఆ రెండింటి మధ్య వేళంతా ఆఫీసులోనో, కారులోనో గడిచిపోతుంది. మార్పు తర్వాత అస్ర్ 5 దాటాక, మగ్రిబ్ 7కి దగ్గరగా. ఇంటికొచ్చి, నమాజు చదువుకుని, పెరట్లోకి దిగడానికి గంటన్నర దొరుకుతుంది. రంజాన్‌లో ఆ గంటన్నర వంటింటిదే అనుకోండి, హలీం గిన్నె వదిలి మట్టిలో చేతులు పెట్టేవాళ్లు తక్కువ. ఈద్ అయ్యాక మాత్రం అది పూర్తిగా తోటదే.

ఆ వేళ మొక్కకి కూడా మంచిది. అస్ర్ అంటేనే నీడ పొడవుని బట్టి పెట్టిన వేళ. కర్ర నీడ దానికి రెట్టింపు, పైన మధ్యాహ్నం నీడ కూడా కలిసి, అంత పొడవయ్యాక హనఫీల్లో అస్ర్ మొదలవుతుంది. అంటే అప్పటికి ఎండ వాలిపోయింది, తీవ్రత తగ్గింది. ట్రేలోంచి తీసి నాటిన మొక్కకి రాత్రంతా వేర్లు సర్దుకునే సమయం దొరుకుతుంది. మిట్ట మధ్యాహ్నం నాటితే సాయంత్రానికల్లా తల వాల్చేస్తుంది. పైగా మిట్ట మధ్యాహ్నం అంటే 12 గంటలు అనుకుంటే పొరపాటే. గడియారం మారాక డాలస్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక. అక్కడి మసీదు టైమ్‌టేబుల్‌లో జుహర్ వేళ చూస్తే అదే కనిపిస్తుంది. కాబట్టి "మూడు గంటలైంది, ఎండ తగ్గుంటుంది" అని డాలస్‌లో నాటడానికి దిగితే మొక్కకి అది దాదాపు మిట్ట మధ్యాహ్నమే. గోడకి తగిలించిన నమాజు వేళల కాగితం తోటకి కూడా పనికొచ్చే గడియారం. అందులో ఉన్నది సూర్యుడి టైమే కదా. జమాత్ వేళలు కమిటీలు పెట్టుకునేవి, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

వెలుగు చూసి తొందరపడితే

అసలు నష్టం జరిగేది ఇక్కడ. మార్చి మూడో వారంలో సాయంత్రం ఏడింటికి కూడా వెలుగు కనిపించేసరికి వసంతం వచ్చేసిందనిపిస్తుంది. దుకాణాల బయట టమాటా మొక్కలు పెట్టేస్తారు. హైదరాబాద్ నుంచో, కడప నుంచో అమ్మీ ఫోనులో "ఇక్కడ బెండ కాపుకొచ్చింది, మీరింకా వెయ్యలేదా?" అంటుంది. దాంతో ఫిబ్రవరి నుంచి కిటికీ దగ్గర పెంచిన నారంతా బయట పెట్టేస్తారు. ఒక్క రాత్రి చలి సున్నా డిగ్రీలకి పడితే ఆకుల మీద మంచు పేరుకుంటుంది. దీన్నే అక్కడ ఫ్రాస్ట్ అంటారు. తెల్లారేసరికి టమాటా, మిర్చి, వంగ నల్లబడి ఉంటాయి. రెండు నెలల శ్రమ, కొన్నిసార్లు ఊరి నుంచి తెప్పించుకున్న రకం, మళ్లీ దొరకదు.

షికాగో నగరం లోపల చివరి ఫ్రాస్ట్ ఏప్రిల్ ఆఖరుకి తగ్గొచ్చు గానీ, చుట్టుపక్కల శివార్లలో మే నెల మధ్య దాకా భయం ఉంటుంది. న్యూజెర్సీలోనూ ప్రాంతాన్ని బట్టి ఏప్రిల్ ఆఖరు నుంచి మే మధ్య దాకా. అందుకే అక్కడ గడియారం మార్చే రోజు బయట నాటే రోజు కాదు, ఇంట్లో నారు పోసే రోజు. మిర్చి విత్తనం మొలవడానికే తీరిగ్గా సమయం తీసుకుంటుంది, చివరి ఫ్రాస్ట్‌కి ఎనిమిది నుంచి పది వారాల ముందు పోయాలి. మే మధ్య నుంచి వెనక్కి లెక్కపెడితే అది దాదాపు మార్చి మొదటి వారం నుంచి మూడో వారం దాకా. టమాటాకి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు, అంటే ఈద్ వంటల హడావుడి తగ్గాక పోసుకున్నా ఆలస్యం కాదు.

బయట ఇప్పుడు వెయ్యగలిగినవీ ఉన్నాయి. మట్టి గడ్డకట్టి ఉండకుండా, పిడికిట్లో పట్టుకుంటే నీళ్లు కారకుండా ఉంటే పాలకూర, బఠానీ వేసుకోవచ్చు. కాస్త ఆగి మెంతి, కొత్తిమీర. ఇవి కొద్దిపాటి చలికి ఓర్చుకుంటాయి. నిరుటి పుదీనా వేరు ఎలాగూ తనే చిగురిస్తుంది. బెండ, గోంగూర, సొర, బీర మాత్రం మట్టి వేడెక్కితేనే. బెండకి కనీసం 18 డిగ్రీల సెల్సియస్, అక్కడి లెక్కలో 65 ఫారెన్‌హీట్ ఉండాలి. చల్లటి మట్టిలో వేస్తే గింజ మొలవకముందే కుళ్లుతుంది. మట్టిలో గుచ్చే చిన్న థర్మామీటరు తోట సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, ఆ ఖర్చు దండగ కాదు. రాత్రి చలి వరసగా 10 డిగ్రీలకి పైన ఉంటేనే టమాటా, మిర్చి, కరివేపాకు కుండీ బయటికి. అదీ ఒక్కసారిగా కాదు. మొదటి రోజు నీడలో గంటసేపు, తర్వాత రెండు గంటలు, అలా వారం పది రోజులు గాలికీ ఎండకీ అలవాటు చెయ్యాలి. అస్ర్ తర్వాతి వేళ దీనికి బాగా కుదురుతుంది.

డాలస్‌లో కథ తిరగబడుతుంది. చివరి ఫ్రాస్ట్ మార్చి మధ్యలోనే వెళ్లిపోతుంది. రంజాన్ అయ్యాక, ఈద్ అయ్యాక, చుట్టాల రాకపోకలు అయ్యాక చూద్దామనుకుంటే టమాటా చేజారుతుంది. వేసవిలో రాత్రిళ్లు కూడా 24 డిగ్రీల పైన ఉంటే టమాటా పూత రాలిపోతుంది, కాయ పట్టదు. జూన్ ఎండలకి ముందే కాపు రావాలంటే మార్చి ఆఖరుకల్లా మొక్క నేలలో ఉండాలి. షికాగోలో తొందర నష్టం, డాలస్‌లో ఆలస్యం నష్టం. ఒకే వాట్సాప్ గ్రూపులో ఇద్దరూ ఉంటే ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాదు.

గోంగూర లెక్కపెట్టే గంటలు

మొక్కలు గడియారం చూడవు గానీ పగలెంత, రాత్రెంత అని మాత్రం బాగా లెక్కపెడతాయి. మన దగ్గర అంబాడ అనే గోంగూర పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకొస్తుంది. తెలుగు నేల మీద అది సజావుగా జరిగిపోతుంది. షికాగోలో జూన్‌లో పగలు పదిహేను గంటలు. అందుకే వేసవంతా గుబురుగా ఆకు ఇస్తుంది, పూత మాట ఉండదు. సెప్టెంబరు ఆఖరుకి పగలు తగ్గి పూతకొచ్చేలోపు అక్టోబరు చలి చంపేస్తుంది. ఆకు కోసమైతే బెంగ లేదు, విత్తనం కట్టుకుందామంటేనే కష్టం. నాటు చిక్కుళ్లలో చాలా రకాలదీ ఇదే తంతు.

ఉల్లి దీనికి వ్యతిరేకం. పగలు పెరిగితే గడ్డ కడుతుంది. మన దేశపు రకాలకి పదకొండు, పన్నెండు గంటల పగలు చాలు. వాటిని షికాగోలో వేస్తే మొక్క ఇంకా చిన్నగా ఉండగానే గడ్డ కట్టి, గోలీకాయంత ఉల్లి చేతికొస్తుంది. అక్కడ పద్నాలుగు గంటల పగలు కోరే రకాలే వెయ్యాలి. ఇంకో మాట. ఇక్కడి నుంచి సూట్‌కేసులో విత్తనాల పొట్లాలు పట్టుకెళ్లడం ముచ్చటే గానీ, నాటే విత్తనాలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే అమెరికా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరికే ప్యాకెట్లతో సరిపెట్టుకోవడం క్షేమం.

గడియారం మార్పుని నిజంగా పట్టించుకోవాల్సింది యంత్రాల దగ్గర. వైఫైతో నడిచే టైమర్లు వాటంతటవే సర్దుకుంటాయి. చేత్తో తిప్పే పాత టైమరు, బ్యాటరీతో నడిచే నీళ్ల టైమరు మారవు. నారు మీది లైటు గంట అటూఇటూ అయినా మొక్కకి తేడా ఉండదు, మొత్తం గంటలు తగ్గకపోతే చాలు. నీళ్ల సంగతి వేరు. డాలస్ నగరంలో ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు నడపకూడదు. మార్చని టైమరు 9:30కి మొదలుపెట్టానని అనుకుంటుంది, బయట టైము 10:30. అప్పుడు జరిమానా చీటీ వస్తే సూర్యుడి టైము చెప్పి ఒప్పించలేం.

ఇంతకీ ఈ పద్ధతి రైతుల కోసమే పెట్టారని చాలామంది నమ్ముతారు. జరిగింది వేరు. 1916లో జర్మనీ, 1918లో అమెరికా యుద్ధకాలంలో ఇంధనం పొదుపు కోసం మొదలుపెట్టాయి. అమెరికా రైతులు గట్టిగా వ్యతిరేకించారు. మంచు ఆరందే కోత కుదరదు, పాలు పితికే ఆవుకి గడియారం తెలియదు, కూలీలేమో గడియారం చూసి వెళ్లిపోతారు. వాళ్ల ఒత్తిడికే 1919లో అధ్యక్షుడు విల్సన్ వీటోని కూడా కాదని కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. తర్వాత మళ్లీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనూ 1942 నుంచి 1945 దాకా గడియారాలు గంట ముందుకి నడిచాయి. గల్ఫ్ దేశాల్లో ఈ బెడద లేదు. అమెరికాలోనే హవాయి, నవాహో ప్రాంతం మినహా అరిజోనా మార్చుకోవు. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, 2026లో 29న.

ఇక్కడున్న అమ్మానాన్నలకి కూడా చిన్న సర్దుబాటు ఉంది. షికాగోకీ హైదరాబాద్‌కీ తేడా పదకొండున్నర గంటల నుంచి పదిన్నరకి తగ్గుతుంది. ఇక్కడ ఉదయం 6:30కి ఫోను చేస్తే అక్కడ ఇంతకుముందు రాత్రి 7 గంటలు, ఇకపై 8. మార్చి నెలంతా అప్పటికి చీకటే. వీడియోలో మొక్కలు చూడాలంటే ఇక్కడ తెల్లవారుజామున 5 లోపే చెయ్యాలి. రంజాన్‌లో సహరీకి లేచినవాళ్లకి అదేమంత కష్టం కాదు, ఈద్ అయ్యాకే ఇబ్బంది. మే వచ్చేసరికి షికాగోలో రాత్రి 8 దాకా వెలుగుంటుంది, అప్పుడు ఇక్కడ 6:30కి చేసినా మిర్చి మొక్క కనిపిస్తుంది.